రైటర్ గారి నిండు పేరు

ఆసుపత్రి కాగితంలో రోగి పేరు అన్నచోట "రైటర్" అని ఉంది. వయసు ఉంది, ఊరు ఉంది, చేరిన రోజూ పోయిన రోజూ ఉన్నాయి. పేరు మాత్రం అంతే. ఆయన భార్య ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని శుక్రవారం పొద్దున మా నెట్ సెంటరు మెట్లెక్కింది. కర్మంతరాలు అయి ఇంకా రెండు రోజులే. ఇల్లు కదలకూడని రోజులవి. అయినా వచ్చింది.

"కిటికీ కాడ అమ్మాయి పేరేందని అడిగింది పాపా. నా నోట్లో ఆయన పేరు ఎట్టొస్తాది? రైటర్ గారు అన్నా. అదే టైపు కొట్టేసింది" అంది.

ఆమెకి చదువు రాదు. పెళ్ళయిన నాటి నుంచి మొగుడి పేరు నోటితో పలికింది లేదు. ఇంట్లో దీపం పెట్టేటప్పుడు కూడా మనసులో అనుకునేదట. ఇప్పుడు శనివారం లోపల ఆధార్ కార్డు, ఒక అర్జీ జతచేసి మెయిల్ పెడితే పేరు మారుస్తామని ఆసుపత్రి వాళ్ళు చెప్పారు. ఆ గడువు దాటితే మరణ ధ్రువపత్రం కూడా "రైటర్" పేరుతోనే వచ్చేస్తుంది. కార్డు చూశాను. ఇంటిపేరుకి ఒక అక్షరం, చుక్క, పక్కన పేరు. తండ్రి పేరు లేదు.

"ఇది చాలు పెద్దమ్మా" అన్నాను.

"చాలదు. ఇంటిపేరు, వాళ్ళ నాయన పేరు, అన్నీ ఉండాల. ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ నిండుగా రాసినాడు. ఆయన మటుకు ఒక అచ్చరం, చుక్కతో పోవాల్నా?"

ఇంటిపేరు ఆమెదీ అదే కదా, చెప్పమన్నాను. నోరు తెరిచింది, మూసింది. మామగారి పేరు అంతకంటే రాదు. మా సెంటర్లో ఆయన వాడిన కంప్యూటర్లో వెతుకుతానని చెప్పి స్టూలు వేశాను. నాకు ఏడుపు రాలేదు. ఆయన పోయాడని ఫోను వచ్చిన రోజు కూడా రాలేదు. జిరాక్సు మిషన్లో కాగితం ఇరుక్కుంటే తీస్తున్నాను, ఫోను పెట్టేసి మళ్ళీ తీశాను. నా వరకు అప్పటినుంచీ ఆ కాగితం ఇంకా తీస్తున్నట్టే ఉంది.

ఆయన కూర్చునే చోటు మూల. ఎవరూ వాడని పాత కంప్యూటరు అక్కడ ఉండేది. తాసీల్దారు ఆఫీసు అరుగు మీద అర్జీలు రాసుకునే మనిషి ఒకరోజు వచ్చి, "పాపా, అర్జీలు ఇప్పుడు తీగల్లో పోతుండాయంట. నాకో మిషను ఇస్తావా?" అని అడిగితే ఇచ్చాను. టైపు మిషను మీద అలవాటైన చేతులు. కీబోర్డుని కోపమొచ్చినట్టు కొట్టేవాడు. లైను అయిపోగానే ఎడమ చెయ్యి గాల్లోకి లేచి, అక్కడ లేని టైపు మిషను బండిని పక్కకి నెట్టబోయి, లేదని గుర్తొచ్చి దిగేది. ఎన్నేళ్ళయినా ఆ చెయ్యి మాత్రం ఒప్పుకోలేదు. పొద్దున రాగానే జేబులోంచి పాత షేవింగు బ్రష్షు తీసి కీబోర్డు దులిపేవాడు. రొయ్యల గుంటల మీదుగా వచ్చే గాలి ఉప్పు, రాత్రికి రాత్రి అక్షరాలను తినేస్తుందని ఆయన నమ్మకం.

అర్జీ అంటే ముందు పేరు. ఎదురుగా కూర్చున్నది నలభై ఏళ్ళుగా ఎరిగిన మనిషైనా సరే, "ఇంటిపేరు? నాయన పేరు? ఊరు?" అని అడిగేవాడు.

"నీకు తెలవదా అన్నా?" అని వాళ్ళు విసుక్కునేవాళ్ళు.

"తెలిసినా అడగాల. నీ నోటితో నువ్వు చెప్తేనే అది నీది."

ఆడవాళ్ళు వచ్చి "ఫలానా ఆయన భార్య అని రాయండి" అంటే, వేళ్ళు అక్షరాల మీద పెట్టుకుని అట్లాగే కూర్చునేవాడు. తన పేరు తను చెప్పిందాకా ఒక్క అక్షరం పడేది కాదు. చెప్పగానే టకటకమని మొదలు. హిందువులైతే పైన శ్రీ పెట్టేవాడు, చర్చికి పోయేవాళ్ళయితే దేవునికి స్తోత్రం. ఆయన ఏ దేవుడికి మొక్కేవాడో నాకు తెలియదు. రాయడం అయ్యాక అంతా పైకి చదివి, "ఒప్పుకున్నట్టేనా?" అని అడిగి, వాళ్ళు ఊ కొట్టిన తర్వాతే ప్రింటు. కింద రాసినవాడి పేరు మాత్రం పెట్టేవాడు కాదు. ఎందుకని ఒకసారి అడిగాను.

"అర్జీ వాళ్ళది. మధ్యలో నేనెవురు?" అన్నాడు.

వచ్చిన చిక్కల్లా ఆయన ఫైళ్ళకి కూడా ఇదే మర్యాద చేయడం. ఒక రైతు నారుమడి గోడు ఉందనుకోండి. ఫైలు పేరు ఇట్లా ఉండేది: "శ్రీ మహారాజశ్రీ మండల వ్యవసాయ అధికారి గారి దివ్య సముఖమునకు ఫలానా గ్రామ కాపురస్తుడు ఫలానా వారి కుమారుడు ఫలానా వాడు తన నారుమడిలోనికి రొయ్యల గుంట ఉప్పునీరు వచ్చుట గురించి వ్రాసుకొన్న అర్జీ." ఇది పేరు! లోపల ఉన్న అర్జీ ఇంతకంటే కాస్త పొడుగు, అంతే. ఆ ఫైలు ఊరికే పడి ఉండదు. జిల్లాకొక ఫోల్డరు, అందులో మండలం, అందులో ఊరు, అందులో ఇంటిపేరు, అందులో మనిషి. నేను నవ్వితే ఆయన నవ్వేవాడు కాదు. "మనిషిని నిండుగా పిలిస్తే సగం పని అయినట్టే పాపా" అనేవాడు.

ఒక వేసవిలో మెయిల్ ప్రోగ్రామ్ పేచీ మొదలుపెట్టింది. జతచేయడానికి క్లిప్పు గుర్తు నొక్కి, ఫైలు ఎంచుకోగానే తెర మీద దాని కిటికీ అంతా తెల్లగా పాలిపోయి మూసుకుపోయేది. వైరస్ అనుకుని శుభ్రం చేశాను. ప్రోగ్రామ్ తీసేసి రెండుసార్లు మళ్ళీ ఎక్కించాను. స్కాన్లు బరువైపోయాయని చిన్నవి చేశాను. నెట్ వైరు మార్చాను. నెల్లూరు నుంచి మెకానిక్‌ని పిలిపిస్తే, అతను తన ఫోటో ఒకటి జతచేసి పంపాడు. చక్కగా పోయింది. "బాగానే ఉండాది గదక్కా" అని వెళ్ళిపోయాడు. నిజమే, నా ఫైళ్ళూ పోయేవి, ఎవరివైనా పోయేవి. రైటర్ గారివే పోవు.

"మిషనుకి నా మీద కోపం వచ్చినట్టుండాది" అన్నాడు ఆయన.

"మీరు అట్లా బాదితే రాదా మరి?" అన్నాను. నా నోరు అప్పటికే దురుసు. ఎండలు, కరెంటు కోతలు, వచ్చే పోయే జనం, దానికి తోడు ఈ పేచీ.

పది రోజులు ఇట్లా గడిచాక రూతమ్మ తన కూతురు కెజియాను తీసుకొచ్చింది. రూతమ్మ మైపాడు దారిలో రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. వేళ్ళు ఎప్పుడూ నీళ్ళలో నానినట్టే ఉంటాయి. కెజియాకు నెల్లూరులో నర్సింగు సీటు కోసం సర్టిఫికెట్లన్నీ ఆ సాయంత్రం ఐదులోపు కాలేజీకి మెయిల్లో చేరాలి. అంతకుముందు రోజే ఎవరో చెప్పారట. రైటర్ గారు అడగాల్సినవన్నీ అడిగాడు. రూతమ్మ తన పేరు చెప్పిందాకా ఆగాడు. అన్నీ స్కాన్ చేసి ఒకటిగా కట్టి పేరు పెట్టాడు. దేవునికి స్తోత్రంతో మొదలై, ప్రిన్సిపాలు గారి దివ్య సముఖం మీదుగా, కుమారి కెజియా సీటు కోరుచూ పంపుకొన్న ధ్రువపత్రముల దాకా వచ్చింది ఆ పేరు. క్లిప్పు నొక్కాడు. తెల్లగా పాలిపోయింది, మూసుకుపోయింది.

నాలుగుసార్లు మూసుకుపోయింది. గంట నాలుగున్నర దాటింది. కెజియా గడియారం వైపు చూడటం మానేసి వాళ్ళమ్మ చీర కొంగు పట్టుకుంది, పద్దెనిమిదేళ్ళ పిల్ల. నేను లేచి, "జరగండి" అని ఆయన్ని పక్కకి తోసినంత పని చేశాను. ఏం చేస్తున్నానో నాకే తెలియదు. ఫైలుని ఆ ఫోల్డర్లన్నిటి లోంచి బయటికి లాగి డెస్క్‌టాప్ మీద పడేసి, ఆ పేరంతా చెరిపేసి "1" అని కొట్టాను. క్లిప్పు నొక్కాను. జత అయింది. కూర్చుంది బుద్ధిగా.

అప్పుడర్థమైంది. ఫోల్డర్ల పేర్లూ ఫైలు పేరూ అన్నీ కలిపి ఆ ప్రోగ్రామ్ ఇంత పొడుగు అని మింగగలదు. అంతకు మించితే దాని గొంతు పట్టదు. మర్యాద ఎక్కువై చచ్చిపోతోందన్నమాట. నాకు అంత గొప్ప సంతోషం ఎప్పుడూ లేదు.

"ఒకటి అంటే ఎవురు పాపా?" అన్నాడు ఆయన.

"లోపలుంది కదా పేరు. తెరిస్తే కనపడుతుంది."

"లోపలికి పొయ్యేదానికి ముందు బయట పిలవాల గదా."

"రైటర్ గారూ, ఐదు కావస్తోంది" అని సెండ్ మీద నొక్కేశాను. విషయం అన్నచోట ఖాళీ. మెయిల్ మా సెంటరు పేరుతో వెళ్ళింది. రూతమ్మ నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసింది. నేను ఆమెన్ అన్నాను.

పన్నెండు రోజుల తర్వాత జాబితా వచ్చింది. కెజియా పేరు లేదు. రైటర్ గారు వాళ్ళిద్దరితో బస్సెక్కి నెల్లూరు పోయాడు. తిరిగొచ్చి మూల కుర్చీలో కూర్చుని, నా వైపు చూడకుండా అక్కడి గుమాస్తా చెప్పింది చెప్పాడు. వచ్చిన కాగితాలన్నీ అతను ఒకే ఫోల్డర్లో దించుకున్నాడట. అందులో ఒకే ఒక్క "1" ఉందట. అది గూడూరు అబ్బాయిది. మన "1" మీద ఆ "1" వచ్చి పడింది, మనది చెరిగిపోయింది. సీట్లు నిండిపోయాయి.

"సర్వర్ ప్రాబ్లం అయ్యుంటుంది" అన్నాను. సర్వర్ ప్రాబ్లం కాదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

"అయ్యుండొచ్చులే" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఒక పేజీ టైపు చేశాడు. ఎదురుగా ఎవరూ లేరు, పైకి చదవలేదు, ఒప్పుకున్నట్టేనా అని ఎవరినీ అడగలేదు. ప్రింటు తీసి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. మరునాడు మొదటి బస్సుకి మళ్ళీ నెల్లూరు పోయాడు. ఏం కాగితమని నేను అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో అని భయం. సీటు రాలేదు. కెజియా ఆ ఏడంతా తల్లి పక్కన కూర్చుని రొయ్యలు ఒలిచింది.

తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఫైలుకి అంకె, మెయిల్లో విషయం అన్నచోట మాత్రం మనిషి పేరు నిండుగా. "నీ మాటా పోలేదు, నా మాటా పోలేదు పాపా. నీ ఒకటి లోపల, నా పేరు బయట" అనేవాడు. దెప్పిపొడుపు కాదు. ఆయనకి దెప్పడం రాదు. వచ్చుంటే నాకు సుఖంగా ఉండేది.

మరుసటి ఏడు కెజియా తనే ఫోన్లో దరఖాస్తు పెట్టుకుంది, సీటు వచ్చింది. రూతమ్మ మైసూరుపాకు డబ్బాతో వచ్చింది. నాకు రెండు ముక్కలు చేతిలో పెట్టి, "నువ్వు ఆ రోజు అంత తిప్పలు పడినావు గదమ్మా" అంది. జిరాక్సుకి వచ్చిన ఇద్దరికి పెట్టింది. మూల బల్ల దాటేసి మెట్లు దిగిపోయింది. ఆయన అప్పుడు షేవింగు బ్రష్షుతో కీబోర్డు దులుపుతున్నాడు. రూతమ్మ ఆయన్ని చూసుకోలేదేమో అనుకున్నాను. నా రెండు ముక్కలూ తినేశాను.

ఇవన్నీ ఆయన కుర్చీలో కూర్చుని గుర్తు తెచ్చుకుంటున్నాను. పెద్దమ్మ స్టూలు మీద కూర్చుని తెరవైపు చూస్తోంది, అందులోంచి మనిషి బయటికి వస్తాడన్నట్టు. ఫోల్డర్లు వెతికాను. జిల్లా, మండలం, ఊరు, ఇంటిపేరు. ఎందరో మనుషులు, అందరూ నిండుగా, నాయన పేర్లతో సహా. వాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. ఆయన ఊరి ఫోల్డర్లో ఆయన లేడు. తన కోసం ఆ మనిషి ఒక్క అర్జీ కూడా పెట్టుకోలేదు.

వెతకడం మానేశాక చెయ్యి దానంతట అదే మైపాడు దారి ఊళ్ళలోకి పోయి, కెజియా ఫోల్డరు తెరిచింది. ఇన్నేళ్ళలో నేను దాన్ని తెరవలేదు. రెండు ఫైళ్ళున్నాయి. మొదటిది ఆ ధ్రువపత్రాలు, ఆయన మళ్ళీ పాత పేరు పెట్టి లోపలికి చేర్చినట్టున్నాడు. రెండోదాని పేరు చివర "పొరపాటు ఒప్పుకొనుచూ వ్రాసుకొన్న అర్జీ" అని ఉంది.

తెరిచాను. ఒక పేజీ. కుమారి కెజియా ధ్రువపత్రములు గడువులోపల పంపబడినవనియు, వాటికి ఆ బాలిక పేరు పెట్టక ఒకటి అను అంకె వేసి పంపినది తానేననియు, ఇందులో ఆ బాలిక తప్పు గానీ కంప్యూటరు సెంటరు వారి తప్పు గానీ ఏమియు లేదనియు, ఈ సంగతి బాలిక తల్లికి కూడా తాను తెలియజేసియున్నాననియు, ముసలితనం వలన జరిగిన పొరపాటుగా ఎంచి దయతో ఒక్క సీటు ఇప్పించవలసినదనియు ఉంది. కింద, ఎన్నడూ ఏ కాగితం మీదా పెట్టని చోట, ఫలానా ఇంటిపేరు, ఫలానా వారి కుమారుడు, ఫలానా గ్రామ కాపురస్తుడు అని ఆయన పేరు ఉంది.

"దొరికిందా పాపా?" అంది పెద్దమ్మ.

"దొరికింది."

ఆసుపత్రికి అర్జీ కొట్టాను. నాకు వచ్చిన భాషలో, పొట్టిగా. ఆధార్ కార్డుతో కలిపి స్కాన్ చేసి, ఆ ఫైలుకి ఆయన నిండు పేరు, సముఖమునకు, కాపురస్తుడు, అన్నీ పెట్టి, ఆ ఫోల్డర్లన్నిటి లోపల దాచి, క్లిప్పు నొక్కాను. ఏమవుతుందో తెలుసు. అయినా నొక్కాను. తెల్లగా పాలిపోయి మూసుకుపోయింది. ఇంకోసారి నొక్కాను. మూసుకుపోయింది. అప్పుడు ఆయన పద్ధతిలో లోపల అంకె వేసి, బయట పేరు పెట్టి పంపాను. మధ్యాహ్నానికి జవాబు వచ్చింది. పేరు సరిచేశారట, కొత్త కాగితం సోమవారం వచ్చి తీసుకోవచ్చట. చదివి వినిపిస్తే పెద్దమ్మ తల ఊపింది. పని అయిపోయింది. ఆమె లేవలేదు. నేనూ లేవలేదు.

ఫోను తీసి రూతమ్మకి చేశాను. షెడ్డులో ఉన్నట్టుంది. నీళ్ళ చప్పుడు, ఐసు పగలగొడుతున్న చప్పుడు.

"రూతమ్మక్కా, రైటర్ గారు పొయ్యినారు తెలుసా?"

"తెలిసిందిమే. రాలేకపొయ్యినా" అంది. ఆ గొంతులో రాలేకపోవడం కాదు, రావాలనుకోకపోవడం ఉంది.

"ఆ రోజు కెజియా కాగితాలకి ఒకటి అని పెట్టింది ఆయన కాదక్కా. నేను. ఆయన వద్దంటానే ఉన్నాడు."

ఐసు చప్పుడు అట్లాగే వస్తోంది. ఆమె పక్కకి నడిచినట్టుంది, కొంచెం తగ్గింది.

"మరి ఆయన నాతో, పాప ఊరికే పంపింది, ఒకటి వేయమన్నది నేనే, తప్పు నాదమ్మా అని చెప్పినాడే?"

"నేను పెట్టినానని నాకు తెలుసక్కా, చెప్పలా. ఆయన మీదేసుకున్నాడని మటుకు ఈ రోజే తెలిసింది."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని ఉండింది నాకు. తిడితే, ఇన్ని రోజులుగా నాలో కదలకుండా ఉన్నదేదో కదిలేదేమో. ఆమె తిట్టలేదు.

"ఆ రోజు మైసూరుపాకు ఆయనకి పెట్టలేదుమే నేను" అంది.

"అవునక్కా."

"చూసినాడు. నేను దాటి పోతావుంటే చూసి, తల దించుకున్నాడు."

కీబోర్డు పక్కన ఆయన బ్రష్షు ఉంటే చేతిలోకి తీసుకున్నాను.

"ఆదివారం గుళ్ళో వాళ్ళింటి ఆమె కోసరం ప్రార్థన చేయిస్తా. ఎవురింటి ఆమో పాస్టరు గారికి చెప్పాల" అంది రూతమ్మ. "ఆయన పేరేంది?"

స్టూలు మీద పెద్దమ్మ నా మొహంలోకే చూస్తోంది. నేను లేచి నిలబడి, ఇంటిపేరు దగ్గర మొదలుపెట్టి, తండ్రి పేరు, ఆయన పేరు, ఊరు, ఎక్కడా కురచ చేయకుండా ఫోన్లోకి చెప్పాను. పెద్దమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని, తల వంచి, చివరిదాకా వింది.

"ఇంకోసారి చెప్పు" అంది రూతమ్మ. "రాసుకుంటా."